మాడు మండుతూ, దురద పెడుతూ జుట్టు రాలుతుంటే ఏం చేయాలి?

“జుట్టు రాలిపోతోంది, ఏ షాంపూ వాడమంటారు?” అని అడిగేవాళ్లలో చాలామంది, మాటల చివర్లో “కాస్త దురద కూడా ఉందండీ”, “దువ్వెన తగిలితే నొప్పిగా ఉంటోంది” అని చేరుస్తారు. నిజానికి ముందు చెప్పాల్సింది ఆ మాటే. వంశపారంపర్యంగా వచ్చే బట్టతల సాధారణంగా మండదు, నొప్పి పెట్టదు. మాడు ఎర్రబడి, పొలుసులు లేచి, చీము పొక్కులు వచ్చి, లేదా విపరీతంగా దురద పెట్టి జుట్టు ఊడుతోందంటే చర్మంలో ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపల వాపు, మంట నడుస్తోందన్నమాట. దాని కారణాలు వేరు, మందులు వేరు. కొన్ని రకాల్లో ఆలస్యం చేస్తే పోయిన జుట్టు మళ్లీ రాదు. కాబట్టి జుట్టు మొలిపించే ప్రయత్నం తర్వాత. ముందు ఆ మంటను ఆపాలి.

సిద్ధాంతం ఇక్కడ ఒక్క ముక్క చాలు. వెంట్రుకను మళ్లీ మళ్లీ పుట్టించే మూలకణాలు కుదురు పైభాగంలో ఉంటాయి. పేనుకొరుకుడులో శరీర రక్షణ వ్యవస్థ దాడి కుదురు అడుగున జరుగుతుంది, పైనున్న మూలకణాలు మిగులుతాయి. అందుకే ఏళ్ల తర్వాత కూడా జుట్టు తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. లైకెన్ ప్లానోపిలారిస్ లాంటి జబ్బుల్లో దాడి నేరుగా ఆ మూలకణాల మీదే జరుగుతుంది. అవి పోతే రంధ్రం మూసుకుపోయి అక్కడ మచ్చ కణజాలం చేరుతుంది. మొదటి రకం మచ్చ లేనిది, రెండోది మచ్చ పడేది. మీ పని, మీది ఈ రెండిట్లో ఎటువైపు ఉందో వీలైనంత త్వరగా తేల్చుకోవడం.

కావలసినవి

పగటి వెలుతురు, ఫోన్ కెమెరా, సన్నటి తోక ఉన్న దువ్వెన, ఓపికగా ఫోటోలు తీసే మనిషి. భూతద్దం ఉంటే మంచిది. వీటితోపాటు ఒక కాగితం మీద గత 6 నెలల్లో తలకు రాసినవి, నోటితో వేసుకున్న మందులు, చేయించుకున్న స్ట్రెయిటెనింగ్, వేసుకున్న హెయిర్ డై అన్నీ రాసుకోండి. జ్వరం, ఆపరేషన్, కాన్పు లాంటివి జరిగి ఉంటే తేదీతో సహా రాయండి. అలాంటి వాటి తర్వాత 2-3 నెలలకు జుట్టు ఒక్కసారిగా ఊడటం మామూలే. అది ఇన్‌ఫ్లమేషన్‌తో సంబంధం లేకుండానూ జరుగుతుంది, దానితో కలిసీ రావచ్చు.

1. ఫోటోలు తీయించుకోండి

నూనె, సీరం, రంగు ఏవీ లేని పొడి జుట్టుతో కిటికీ దగ్గర కూర్చోండి. జుట్టంతా వెనక్కి లాగి నుదుటి అంచు, పాపిడి, నడినెత్తి, రెండు చెవుల పైభాగాలు, మెడ వెనక అంచు ఫోటోలు తీయించుకోండి. ఎక్కడ దురద లేదా నొప్పి ఉందో అక్కడ దువ్వెన తోకతో పాయ తీసి, దగ్గర నుంచి మరో రెండు తీయించండి. ఫ్లాష్ వాడొద్దు, ఎరుపు కనిపించకుండా పోతుంది. చర్మం ముదురు రంగులో ఉంటే ఎరుపు ఎర్రగా కాక గోధుమ లేదా ఊదా ఛాయలో కనిపిస్తుంది. ఎరుపు లేదు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు.

కనుబొమల ఫోటో కూడా ఒకటి తీయండి. కారణం కింద తెలుస్తుంది.

2. రంధ్రాలు ఉన్నాయా, మూసుకుపోయాయా చూడండి

ఈ గైడ్‌లో ఒకే ఒక్క స్టెప్ చేయగలిగితే ఇదే చేయండి. జుట్టు పల్చబడిన చోట ఫోటోను పెద్దది చేసి చూడండి. ఆరోగ్యంగా ఉన్న మాడు మీద వెంట్రుక లేని చోట కూడా సూదిమొనంత చుక్కలు కనిపిస్తాయి. అవి కుదుళ్ల నోళ్లు. అవి ఉన్నాయంటే ఆశ ఉంది.

అవి లేకుండా చర్మం నున్నగా, మెరుస్తూ, చుట్టుపక్కల కన్నా పాలిపోయి ఉంటే మచ్చ పడుతోందని అనుమానించాలి. ఆ ఖాళీలో అక్కడక్కడ ఒంటరిగా నిలబడిన వెంట్రుకల మొదట్లో తెల్లటి పొలుసు గొట్టంలా చుట్టుకుని ఉందా? లైకెన్ ప్లానోపిలారిస్‌లో తరచూ కనిపించే గుర్తు అది. ఒకే రంధ్రం నుంచి ఐదారు వెంట్రుకలు కుచ్చుగా వస్తున్నాయా? చీము పొక్కులతో పాటు అలా కనిపిస్తే ఫాలిక్యులైటిస్ డెకాల్వాన్స్ అనే జబ్బు అయ్యుండొచ్చు.

ఇంట్లో చూసి మీరే రోగనిర్ధారణ చేసుకోమని కాదు. డాక్టర్ దగ్గరకు ఎంత తొందరగా వెళ్లాలో తెలుసుకోవడానికి ఇది.

*హెచ్చరిక:* కింది వాటిలో ఏది ఉన్నా మిగతా స్టెప్పులు పక్కనపెట్టి, ఆ వారంలోనే చర్మ వైద్యులను కలవండి:
- రంధ్రాలు కనిపించని నున్నటి మచ్చలు
- చీము, రసి, మెత్తగా ఉబ్బిన గడ్డలు
- పిల్లల తలలో జుట్టు తెగిన పొలుసుల మచ్చ, మెడలో బిళ్లలు
- నుదుటి అంచు వెనక్కి పోవడంతో పాటు కనుబొమలు రాలడం

తల మీద ఇన్‌ఫెక్షన్‌తో పాటు జ్వరం ఉన్నా, హెయిర్ డై తర్వాత కళ్లు, ముఖం ఉబ్బినా ఆ రోజే వెళ్లండి. ఊపిరి ఆడకపోతే నేరుగా ఎమర్జెన్సీకే.

3. మీ లక్షణాలు దేనికి దగ్గరగా ఉన్నాయో చూసుకోండి

*జిడ్డు పొలుసులు, దురద, ముక్కు పక్కన, కనుబొమల్లో కూడా పొట్టు:* ఇది సెబోరిక్ డెర్మటైటిస్, అంటే ముదిరిన చుండ్రు. చర్మం మీద అందరికీ ఉండే మలస్సీజియా అనే ఈస్ట్‌కు (ఒక రకం ఫంగస్), కొందరి చర్మం అతిగా స్పందించడం వల్ల వస్తుంది. ఇది కుదుళ్లను చంపదు. గోకడం వల్ల వెంట్రుకలు తెగుతాయి, రాలడం కొంత పెరుగుతుంది. తగ్గితే జుట్టు తిరిగి వస్తుంది.

*మందంగా, వెండి రంగు పొలుసులు, జుట్టు అంచు దాటి నుదుటి మీదకు, చెవుల వెనక్కి పాకడం:* సోరియాసిస్. మోచేతులు, మోకాళ్లు చూసుకోండి. గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలున్నా డాక్టర్‌కు చెప్పండి. కీళ్లు పట్టేస్తుంటే తప్పకుండా చెప్పండి.

*నున్నటి గుండ్రటి మచ్చ, పొలుసు లేదు, నొప్పి లేదు:* పేనుకొరుకుడు. ఇక్కడ మచ్చ అంటే జుట్టు ఊడిన చోటు మాత్రమే, కుదుళ్లు మూసుకుపోయే గాయపు మచ్చ కాదు. పేరు చూసి పేలు, పురుగులు అనుకోవద్దు. ఇది శరీర రక్షణ వ్యవస్థ కుదుళ్ల మీద చేసే దాడి, అంటుకోదు. మచ్చ అంచున పైన లావుగా, మొదట్లో సన్నగా ఉండే పొట్టి వెంట్రుకలు కనిపిస్తే జబ్బు ఇంకా నడుస్తోందని గుర్తు.

*పిల్లల్లో పొలుసులు, విరిగిన వెంట్రుకలు, నల్ల చుక్కలు:* తలకు వచ్చే తామర. దీన్ని చుండ్రు అనుకుని నెలల తరబడి షాంపూలు మార్చే ఇళ్లు ఎన్నో. కొందరు పిల్లలకు ఇది చీము గడ్డలా ఉబ్బుతుంది. దాన్ని కెరియన్ అంటారు. చూడ్డానికి కోసి చీము తీయాల్సిన గడ్డలా ఉంటుంది కానీ కోయకూడదు. యాంటీఫంగల్ మాత్రలతోనే తగ్గాలి. ఆలస్యమైతే మచ్చ పడి ఆ చోట జుట్టు శాశ్వతంగా పోవచ్చు.

*రంగు వేసుకున్న ఒకటి రెండు రోజులకు దురద, రసి, చెవులు, నుదురు ఎర్రబడటం:* అలర్జీ. ఎక్కువసార్లు కారణం ముదురు రంగు డైలలో ఉండే పీపీడీ అనే రసాయనం. “హెర్బల్”, “నల్ల హెన్నా” అని రాసిన వాటిలోనూ ఇది ఉండొచ్చు. ఒకసారి ఈ అలర్జీ వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. ఈసారి తక్కువ వేసుకుంటే సరిపోతుందిలే అనుకోవద్దు.

*మంట, నొప్పి, కుదుళ్ల చుట్టూ ఎరుపు, రంధ్రాలు మాయం:* లైకెన్ ప్లానోపిలారిస్. దీనిలోనే ఒక రకం నుదుటి అంచును వెనక్కి నెడుతుంది, కనుబొమలను కూడా తీసేస్తుంది. ఎక్కువగా నెలసరి ఆగిన స్త్రీలలో కనిపిస్తుంది. “వయసు వల్ల నుదురు పెద్దదవుతోంది” అని సర్దుకుపోతే ఏళ్లు గడిచిపోతాయి. అందుకే కనుబొమల ఫోటో తీయమన్నాను.

*మధ్యలో రంగు పోయి, అంచున నల్లబడి, అతుక్కున్న పొలుసుతో మచ్చలు:* డిస్కాయిడ్ లూపస్ కావచ్చు. ఇదీ శరీర రక్షణ వ్యవస్థ చర్మం మీద చేసే దాడే. ఎండలో ఎక్కువవుతుంది. చెవి దొప్పలో కూడా ఇలాంటి మచ్చ ఉందేమో చూసుకోండి.

*నడినెత్తి మీదో వెనకో ఒకదానితో ఒకటి కలిసే మెత్తటి గడ్డలు, నొక్కితే చీము:* డిసెక్టింగ్ సెల్యులైటిస్. యువకుల్లో ఎక్కువ. గడ్డలు పిండకండి.

రెండు మూడు జబ్బులు ఒకేసారి ఉండటం అరుదేమీ కాదు. చుండ్రు ఉన్నంత మాత్రాన దాని కింద ఇంకేదీ లేదని కాదు.

4. ఈరోజే ఆపాల్సినవి

హెయిర్ డై, స్ట్రెయిటెనింగ్, బిగుతు జడలు, ఎక్స్‌టెన్షన్లు. గోళ్లతో గోకడం, పొలుసుల్ని పొడిగా పీకడం. జిడ్డు పొలుసులున్న మాడుకు నూనె పట్టించడం కూడా ఆపండి. మలస్సీజియాకు కొవ్వే ఆహారం. సోరియాసిస్ మందపు పొలుసుల్ని మెత్తబరచడానికి డాక్టర్ నూనె రాయమంటే అది వేరు విషయం.

పేనుకొరుకుడు మచ్చ మీద పచ్చి వెల్లుల్లి, ఉల్లి రసం రుద్దొద్దని గట్టిగా చెబుతున్నాను. పచ్చి వెల్లుల్లి కట్టి ఉంచితే చర్మం నిజంగానే కాలుతుంది, బొబ్బలు వస్తాయి. కాలిన మచ్చ మీద వెంట్రుక మొలవదు.

తలస్నానం మాత్రం మానేయకండి. “తలకు పోసుకుంటే ఇంకా ఊడుతుంది” అన్న భయంతో వారాల తరబడి ఆగితే పొలుసులు పేరుకుని దురద పెరుగుతుంది. ఆ రోజు కనిపించేవి ఎలాగూ ఊడాల్సిన వెంట్రుకలే. రోజుకు 50 నుంచి 100 దాకా ఊడటం మామూలే. అన్ని రోజులవీ ఒకేసారి చేతికొస్తాయి కాబట్టి భయమేస్తుంది.

5. చుండ్రు రకమైతే 4 వారాలు ఇంట్లో ప్రయత్నించండి

రంధ్రాలు బాగున్నాయి, చీము లేదు, పెద్దవాళ్లు, జిడ్డు పొలుసులు మాత్రమే ఉన్నాయి అంటేనే ఈ స్టెప్.

2% కీటోకోనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు వాడండి. తల తడిపి, పాయలు తీసి, వేళ్ల చివర్లతో షాంపూను చర్మానికి పట్టించండి. 3-5 నిమిషాలు ఉంచి కడగండి. చాలామందికి పనిచేయకపోవడానికి ఇదే కారణం: జుట్టుకు నురగ పెట్టి అర నిమిషంలో కడిగేస్తారు. మందు పనిచేయాల్సింది చర్మం మీద. జుట్టు పొడిబారితే కండిషనర్ కొసలకు మాత్రమే రాయండి.

పడకపోతే సెలీనియం సల్ఫైడ్, జింక్ పైరిథియోన్, సిక్లోపిరాక్స్ షాంపూల్లో ఒకటి ప్రయత్నించవచ్చు. అన్నీ ఒకేసారి కలిపి కాదు. తగ్గాక పూర్తిగా మానకుండా వారానికో, రెండు వారాలకో ఒకసారి వాడుతూ ఉండండి. ఇది మళ్లీ మళ్లీ వచ్చే గుణం ఉన్న జబ్బు.

4 వారాలకు దురద సగమైనా తగ్గకపోతే అది చుండ్రు ఒక్కటే కాకపోవచ్చు. ఐదో షాంపూ కొనకండి. తర్వాతి స్టెప్‌కు వెళ్లండి.

6. డాక్టర్ దగ్గర ఏం అడగాలి

వెళ్లే ముందు రెండు జాగ్రత్తలు. ఒకటి, ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ లోషన్ రాసుకుని వెళ్లకండి. అది జబ్బు గుర్తుల్ని కప్పేస్తుంది, తామర ఉంటే లోలోపల పెంచుతుంది. ఇప్పటికే రాస్తుంటే పేరు, ఎన్నాళ్ల నుంచి రాస్తున్నారో చెప్పండి. రెండు, జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే చెప్పండి. ఎక్కువ మోతాదు బయోటిన్ థైరాయిడ్, గుండెకు సంబంధించిన కొన్ని రక్తపరీక్షల్ని తారుమారు చేస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీనిపై హెచ్చరించింది. పరీక్షకు ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టర్‌నే అడగండి.

అక్కడ మొదట డెర్మోస్కోప్‌తో, అంటే చర్మాన్ని పెద్దదిగా చూపే లైటున్న భూతద్దంతో చూస్తారు. నొప్పి ఉండదు. తామర అనుమానముంటే పొలుసు, విరిగిన వెంట్రుకలు తీసి కేఓహెచ్ పరీక్ష (మైక్రోస్కోప్ కింద ఫంగస్ ఉందేమో చూడటం), కల్చర్ (ల్యాబ్‌లో క్రిముల్ని పెంచి గుర్తించడం) చేస్తారు. చీము ఉంటే దాన్ని కల్చర్‌కు పంపుతారు. లక్షణాలను బట్టి ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్, ఏఎన్ఏ (లూపస్ లాంటి జబ్బుల కోసం), సిఫిలిస్ పరీక్షలు రాయొచ్చు. సిఫిలిస్ పేరు వినగానే కంగారుపడొద్దు. అది కూడా జుట్టును అక్కడక్కడ చెదలు తిన్నట్టు రాలుస్తుంది, తేలిగ్గా నయమవుతుంది కాబట్టి అడుగుతారు.

మచ్చ పడే రకం అనుమానముంటే బయాప్సీ అడగండి, చేస్తామంటే వెనకాడకండి. ఆ చోట మాత్రమే మత్తు ఇచ్చి 4 మిల్లీమీటర్ల చర్మం ముక్క తీస్తారు, ఒకటి రెండు కుట్లు పడతాయి, అంతే. ముక్కను ఎక్కడ నుంచి తీశారన్నది ముఖ్యం. పూర్తిగా నున్నగా అయిపోయిన మధ్యభాగం నుంచి తీస్తే రిపోర్టులో “మచ్చ” అని తప్ప ఇంకేం రాదు. ఎరుపు, పొలుసు ఉండి ఇంకా వెంట్రుకలున్న అంచు నుంచి తీయాలి. ఎక్కడ దురద, మంట ఎక్కువో ముందే వేలితో చూపించండి.

7. చికిత్స: ఏది దేనికి

*సోరియాసిస్‌కు* ముందు శాలిసిలిక్ యాసిడ్‌తో పొలుసు కరిగించి, తర్వాత స్టెరాయిడ్ లోషన్, కాల్సిపోట్రియాల్. కోల్‌టార్ షాంపూ సాయం చేస్తుంది. పొలుసు తీయకుండా లోషన్ రాస్తే మందు చర్మం దాకా చేరదు. తీవ్రమైతే మాత్రలు, ఇంజెక్షన్లు ఉన్నాయి.

*తామరకు* నోటి మందే కావాలి. గ్రిసియోఫుల్విన్ సాధారణంగా 6-8 వారాలు, టెర్బినాఫిన్ సుమారు 4 వారాలు. గ్రిసియోఫుల్విన్ కొవ్వు ఉన్న ఆహారంతో వేస్తే బాగా ఒంటబడుతుంది. షాంపూ ఇతరులకు అంటకుండా తగ్గిస్తుందే తప్ప కుదురు లోపలి ఫంగస్‌ను చంపదు. దువ్వెనలు, టోపీలు, తువ్వాళ్లు వేరు చేయండి, ఇంట్లో అందరి తలలూ చూడండి. పెంపుడు పిల్లికో కుక్కకో బొచ్చు ఊడిన మచ్చలుంటే దానికీ వైద్యం చేయించాలి.

*పేనుకొరుకుడుకు* చిన్న మచ్చలైతే ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, 4-6 వారాలకోసారి. ఇంజెక్షన్ ఇచ్చిన చోట చిన్న గుంట పడొచ్చు, ఎక్కువగా అది మళ్లీ పూడుతుంది. ఒకటి రెండు మచ్చలే ఉంటే ఏ మందూ లేకుండానే ఏడాదిలోపు జుట్టు వచ్చేవాళ్లు చాలామంది. జుట్టు చాలావరకు పోయినవాళ్లకు ఇప్పుడు జాక్ ఇన్‌హిబిటర్ మాత్రలున్నాయి. ఇవి శరీర రక్షణ వ్యవస్థ చేసే ఆ దాడిని తగ్గిస్తాయి. బారిసిటినిబ్‌ను పెద్దవాళ్ల కోసం 2022లో, రిట్లెసిటినిబ్‌ను 12 ఏళ్లు నిండినవాళ్ల కోసం 2023లో ఎఫ్‌డీఏ ఆమోదించింది. ఇవి వేసేముందు టీబీ, హెపటైటిస్ పరీక్షలు తప్పనిసరి. ఆపేస్తే జుట్టు మళ్లీ రాలే అవకాశం ఉందన్నది కూడా ముందే తెలుసుకుని మొదలుపెట్టండి.

*లైకెన్ ప్లానోపిలారిస్, డిస్కాయిడ్ లూపస్‌లకు* ఘాటైన స్టెరాయిడ్ లోషన్, మచ్చల అంచుల్లో స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు. లైకెన్ ప్లానోపిలారిస్‌కు డాక్సీసైక్లిన్ కూడా ఇస్తారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ మోతాదు మీ అసలు బరువు ప్రకారం కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. మొదలుపెట్టిన ఏడాదిలోపు ఒకసారి కంటి పరీక్ష, 5 ఏళ్ల తర్వాత ఏటా చేయించాలి. కిడ్నీ సమస్య ఉంటే ముందే చెప్పండి. లూపస్‌కు ఎండ నుంచి రక్షణ కూడా మందుతో సమానం: టోపీ, పాపిడిలో సన్‌స్క్రీన్.

*చీము రకాలకు* కల్చర్‌ను బట్టి యాంటీబయాటిక్స్. ఫాలిక్యులైటిస్ డెకాల్వాన్స్‌కు డాక్సీసైక్లిన్, లేదా రిఫాంపిసిన్, క్లిండామైసిన్ కలిపి 10 వారాలు ఇస్తారు. డిసెక్టింగ్ సెల్యులైటిస్‌కు ఐసోట్రెటినాయిన్ వాడతారు. ఐసోట్రెటినాయిన్ వాడేటప్పుడు గర్భం రాకూడదు, బిడ్డకు తీవ్రమైన లోపాలు వస్తాయి. డాక్సీసైక్లిన్ గ్లాసు నిండా నీళ్లతో వేసుకుని కనీసం అరగంట పడుకోకుండా ఉండండి, లేకపోతే గొంతులో, ఛాతీలో మంట పుడుతుంది.

*స్టెరాయిడ్ లోషన్ రాసే తీరు:* రాత్రి, పొడి తల మీద. పాయ తీసి, సీసా ముక్కు చర్మానికి ఆనించి, చుక్క వేసి, వేలితో అద్దండి. అక్కడ నుంచి ఒక వేలి వెడల్పు దూరంలో మరో పాయ. జుట్టు మీద పోస్తే దిండుకే మందు. నుదుటి మీదకు కారితే వెంటనే తుడవండి, చేతులు కడుక్కోండి. డాక్టర్ చెప్పిన వారాలు దాటి సొంతంగా పొడిగించొద్దు, చర్మం పల్చబడుతుంది.

*మినాక్సిడిల్ సంగతి:* ఇది జుట్టు పెరగడానికి వాడే మందు, ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించదు. మంట అదుపులోకి వచ్చాక, మిగిలిన కుదుళ్లకు బలమివ్వడానికి డాక్టర్ చేర్చవచ్చు. ద్రవం రాస్తే దురద పెరిగితే అందులోని ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రావకం పడకపోవచ్చు. ఫోమ్‌లో సాధారణంగా అది ఉండదు. మొదటి వారాల్లో జుట్టు కొంచెం ఎక్కువ రాలడం దాని తీరే.

8. పనిచేస్తోందా లేదా ఎలా తెలుస్తుంది

రోజూ ఊడిన వెంట్రుకలు లెక్కపెడుతూ కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. మూడు పనులు చేయండి.

వారానికోసారి దురద, మంట, నొప్పిలకు 0 నుంచి 10 వరకు మార్కులు వేసుకోండి. మందు పనిచేస్తుంటే చాలావరకు ముందు తగ్గేవి ఇవే. హైడ్రాక్సీక్లోరోక్విన్ లాంటివి పూర్తిగా పనిచేయడానికి 3-6 నెలలు పడుతుంది, నెలకే నిరాశపడి మానేయకండి.

నెలకోసారి అదే కిటికీ, అదే దూరం, అదే పాపిడితో ఫోటో తీయండి. మచ్చ అంచు పాకిందా, ఆగిందా చూడండి. నుదుటి అంచు రకమైతే కనుబొమల మధ్య నుంచి జుట్టు అంచు దాకా టేపుతో కొలిచి సెంటీమీటర్లలో రాయండి. కంటికి తెలియని మార్పు టేపుకు తెలుస్తుంది.

జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరే పెరుగుతుంది. కాబట్టి మచ్చ లేని రకాల్లో కూడా నిండుదనం గురించి 6 నెలల లోపు తీర్పు చెప్పకండి. పేనుకొరుకుడులో కొత్త వెంట్రుకలు మొదట తెల్లగా, సన్నగా వస్తాయి. అది మంచి గుర్తే, రంగు తర్వాత వస్తుంది.

మచ్చ పడే రకాల్లో మాత్రం లెక్క వేరు. పోయిన చోట మొలవకపోయినా, అంచు ఆగిపోయి, దురద, ఎరుపు తగ్గాయంటే చికిత్స గెలిచినట్టే. “నాలుగు నెలలైనా ఒక్క వెంట్రుక రాలేదు” అని మందు మానేసి, మిగిలిన జుట్టు కూడా పోగొట్టుకునేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. మందు పని ఉన్నదాన్ని కాపాడటం. దురద తగ్గినా అంచు పాకుతూనే ఉంటే మాత్రం ఫోటోలతో వెళ్లి మందు మార్చమని అడగండి.

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ ఆలోచన ఉంటే, జబ్బు మందులతోనో మందులు లేకుండానో కనీసం ఏడాది, రెండేళ్లు పూర్తిగా నిద్రాణంగా ఉండాలి. మంట నడుస్తున్న మాడులో నాటిన కుదుళ్లు కూడా అదే దాడికి పోతాయి. ఎవరైనా మొదటి సిట్టింగ్‌లోనే, బయాప్సీ మాటెత్తకుండా ట్రాన్స్‌ప్లాంట్ తేదీ ఇస్తామంటే ఒప్పుకోకండి. మరో చర్మ వైద్యులకు చూపించుకున్నాకే నిర్ణయం తీసుకోండి.